సునౌలి బోర్డర్ దగ్గర ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి

తమ్ముడు గారూ, మీరు రాసింది మొత్తం చదివాను. దసరా సెలవుల్లో ముమ్మిడివరం నుంచి తొమ్మిది మంది బయల్దేరి, గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, నేపాల్ సరిహద్దు ఊరు సునౌలి మీదుగా లుంబిని, పోఖరా, ముక్తినాథ్, పశుపతినాథ్ చూసి రావాలనుకుంటున్నారు. మీరు, మీ ఆవిడ, ఇద్దరు చిన్నపిల్లలు, 71 ఏళ్ళ మీ అమ్మగారు. ఆవిడ ఓటర్ కార్డు పోయింది. మీ అక్కగారి అమ్మాయికి 16, ఇంటర్లో చేరింది, తల్లిదండ్రులు రావడం లేదు. పైగా అమెరికా నుంచి వచ్చిన మీ చిన్నాన్నగారి అబ్బాయి, భార్య, కొడుకు. బోర్డర్లో జవాన్లు దబాయిస్తారని, డబ్బులడుగుతారని వీడియోల్లో చూసి మీకు టెన్షన్ పట్టుకుంది.

మాది అంబాజీపేట పక్క ఊరు. 1994 నుంచి 2005 దాకా గల్ఫ్‌లో ట్రైలర్ తోలాను. 2007 నుంచి కాశీ, గయ, అయోధ్య, నేపాల్ యాత్ర బస్సులు నడుపుతున్నాను. ఏడాదికి నాలుగైదుసార్లు సునౌలి దాటుతాను. ఇన్నేళ్ళలో అక్కడ నన్ను ఊరికే ఇబ్బంది పెట్టిన జవాను ఒకరిద్దరికి మించి లేరు. కానీ అక్కడ మా బస్సు గంటల తరబడి ఆగిపోయిన రోజులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువసార్లు తప్పు మాదే. ఆ తప్పు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. బస్సులో ఉన్న వాళ్ళందరి కార్డులూ ఒకడి సంచిలో ఉండటం, అందరి తరఫునా ఆ ఒకడే మాట్లాడటం. ఆ ఒకణ్ణి నేనే.

భారత్, నేపాల్ మధ్య 1950 నాటి ఒప్పందం ఉంది. అందుకే మనకు వీసా అక్కర్లేదు, వాళ్ళకూ అక్కర్లేదు. 1,751 కిలోమీటర్ల బోర్డర్లో మన వైపు కాపలా సశస్త్ర సీమా బల్‌ది. ఎస్‌ఎస్‌బీ అంటారు. 2001లో ఈ బోర్డర్ బాధ్యత వాళ్ళకు ఇచ్చారు. అటు వైపు నేపాల్ పోలీసులు, సాయుధ పోలీసులు, కస్టమ్స్ వాళ్ళు ఉంటారు. కస్టమ్స్‌ను అక్కడ భన్సార్ అంటారు. సునౌలిలో చూస్తే మామూలు బజారు రోడ్డే. రిక్షాలు, సైకిళ్ళు, తలమీద మూటలతో జనం అటూ ఇటూ నడిచిపోతుంటారు. అది చూసి మనవాళ్ళు ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు అనుకుంటారు. రోజూ నడిచిపోయే స్థానికులను జవాన్లు ముఖం చూసి గుర్తుపడతారు. బస్సులో వచ్చిన తెలుగువాళ్ళను గుర్తుపట్టలేరు. కాబట్టి మనల్ని అడుగుతారు. అడగడం వాళ్ళ పని, అందులో అవమానం ఏమీ లేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. మన పౌరులు నేపాల్ వెళ్ళడానికి పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఆధార్ మామూలుగా దీనికి చెల్లదు. అయితే 65 దాటిన వాళ్ళకు, 15 లోపు పిల్లలకు ఆధార్ సరిపోతుందని 2019లో కేంద్ర హోం శాఖ స్పష్టంగా చెప్పింది. అంటే మీ అమ్మగారికి ఆధార్ చాలు, మీ చిన్నపిల్లలకూ చాలు. ఓటర్ కార్డు గురించి దిగులు వద్దని అమ్మగారికి చెప్పండి. ఒరిజినల్ ఆధార్ కార్డు తీసుకెళ్ళండి, ఫోన్‌లో ఉన్న ఫొటో కాదు. మీకూ మీ ఆవిడకూ మాత్రం ఓటర్ కార్డో పాస్‌పోర్టో చేతిలో ఉండాలి.

మీ మేనకోడలి విషయంలోనే శ్రద్ధ పెట్టాలి. 15 నుంచి 18 మధ్య వాళ్ళకు చదువుతున్న చోట ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ పనికొస్తుంది. దానికి ఒక నమూనా ఉంది, ఆ నమూనాలోనే టైప్ చేయించి, ఫొటో అంటించి, సంతకం, స్టాంపు వేయించండి. సెలవులు ఇచ్చేశాక కాలేజీలో ఎవరూ దొరకరు కాబట్టి ఈ వారమే వెళ్ళండి. పాస్‌పోర్టు ఉంటే ఇంకా మంచిది. దాంతోపాటు, రూలు అడిగినా అడక్కపోయినా, మీ అక్కగారు, బావగారు ఇద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి ఇంగ్లీషులో రాయించి నోటరీ చేయించండి. అమ్మాయి ఎవరితో, ఎక్కడికి, ఎన్ని రోజులు వెళ్తోంది, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఏమిటి, ఇవన్నీ అందులో ఉండాలి.

ఎందుకు ఇంతగా చెబుతున్నానో వినండి. 2012లో మా బస్సులో రావులపాలెం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళతో పదిహేడేళ్ళ అమ్మాయి. తల్లిదండ్రులు రాలేదు, మేనత్త, మావయ్య తీసుకొచ్చారు. సునౌలిలో ఎస్‌ఎస్‌బీ మహిళా కానిస్టేబుల్ బస్సెక్కి వరసగా చూసుకుంటూ వచ్చి ఆ అమ్మాయి దగ్గర ఆగింది. పేరేమిటని అడిగింది. నేను చెప్పాను. నా వైపు చూడకుండా మళ్ళీ అమ్మాయినే అడిగింది. ఈసారి మేనత్త చెప్పింది. అప్పుడావిడ అమ్మాయిని కిందికి దిగమంది.

బస్సంతా గగ్గోలు. మేనత్త గారు ఏడుపు. "ఆడపిల్లను అలా ఒంటరిగా తీసుకెళ్తారా" అని పెద్దవాళ్ళు కోపం. నేను దిగి, నాకొచ్చిన హిందీలో నచ్చచెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, మీరు అక్కడ నిలబడండి అంది. రేకుల షెడ్డు కింద ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో అమ్మాయిని కూర్చోబెట్టి, మంచినీళ్ళ బాటిల్ ఇచ్చి, ఎదురుగా తను కూర్చుంది. అమ్మాయికి హిందీ సరిగా రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నేను పదడుగుల దూరంలో నిలబడి చూశాను. ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. బస్సు వైపు చూపించి ఎవరెవరు నీకు ఏమవుతారని అడిగింది. మేనత్త భర్తను చూపించినప్పుడు అమ్మాయి "మావయ్య" అంది. హిందీలో మామా అంటే తల్లి అన్నో తమ్ముడో. కార్డు చూస్తే ఆయన ఇంటిపేరు వేరు, అమ్మాయి తల్లి పుట్టింటి పేరు వేరు. కానిస్టేబుల్‌కు అనుమానం పెరిగింది.

మన వరసలు వాళ్ళకు తెలియవు తమ్ముడు గారూ. మనకు మేనమామా మావయ్యే, మేనత్త భర్తా మావయ్యే, భర్త తండ్రీ మావయ్యే. మేనరికం చేసుకున్న ఇంట్లో భార్య భర్తను మావయ్య అని పిలవడమూ ఉంది. బోర్డర్ దగ్గర నిలబడ్డ ఉత్తరాది మనిషి ఆ మాట విని ఏమనుకోవాలి? దానికి తోడు మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక, ఇంకోదాంట్లో ఒట్టి అక్షరం. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఓటర్ కార్డులో అత్తింటి పేరు, సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు. మనకు ఇది మామూలు. వాళ్ళకు ఒకే మనిషికి మూడు పేర్లు.

చివరికి అమ్మాయి తండ్రికి ఫోన్ చేయించింది. ఆయన అప్పుడు పొలంలో ఉన్నాడు, ఆయనకూ హిందీ రాదు. కూతురు ఫోన్ తీసుకుని "నాన్నా, నేను క్షేమంగానే ఉన్నాను, అత్తతోనే ఉన్నాను, మేడమ్ గారు అడుగుతున్నారు" అని తెలుగులో చెప్పింది. ఆ మాటల అర్థం కానిస్టేబుల్‌కు తెలియకపోవచ్చు. కానీ తండ్రితో మాట్లాడేటప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా ఉందో ఆవిడ చూసింది. లేచి, తల నిమిరి, తనే చెయ్యి పట్టుకుని బస్సు దాకా తీసుకొచ్చింది. ముప్పావు గంట పట్టింది.

తర్వాత ఆవిడే నాకు చెప్పింది. ఈ బోర్డర్ మీదుగా ఆడపిల్లలను అమ్మేవాళ్ళు ఉన్నారు. నేపాల్ అమ్మాయిలను ఇటు తెచ్చి అమ్ముతారు, ఇక్కణ్ణుంచి గల్ఫ్‌కు పంపిస్తారు. తీసుకొచ్చినవాడు ఎప్పుడూ తను మామయ్యనో అన్ననో అనే చెబుతాడు. అమ్మాయి బదులు గబగబా వాడే జవాబులు చెబుతాడు, కార్డు కూడా వాడి జేబులోనే ఉంటుంది. ఆ పనే నేను చేశాను, మేనత్త గారు చేసింది. అటు వైపు ఇదే పని మీద మైతీ నేపాల్ అనే సంస్థ ఉంది, 1993లో అనురాధా కొయిరాలా పెట్టారు. వాళ్ళ మనుషులు బోర్డర్ల దగ్గర నిలబడి, అనుమానం వస్తే అమ్మాయిలను పక్కకు పిలిచి మాట్లాడతారు. మీ మేనకోడలిని ఎవరైనా అలా పిలిస్తే అడ్డుపడకండి. కోప్పడకండి. మన పిల్లను అడిగినట్టే ఇంకో పిల్లనూ అడుగుతారు. అందులో ఎవరో ఒకరికి ఆ ప్రశ్నే దిక్కవుతుంది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా ఊరావిడ ఒకరు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళారు. మన కోనసీమలో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే, మీకు తెలుసు. ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. ఒకసారి ఆ ఇంటివాళ్ళు కారులో సౌదీ వెళ్తూ పిల్లల్ని చూసుకోవడానికి ఈవిడనూ తీసుకెళ్ళారు. కువైట్ వైపు నువైసీబ్, సౌదీ వైపు ఖఫ్జీ అని బోర్డర్. ఈవిడ పాస్‌పోర్టు కారు ముందు అరలో, యజమాని దగ్గర. కిటికీ దగ్గర ఆఫీసరు పాస్‌పోర్టు తెరిచి, వెనక సీటు వైపు వంగి ఈవిడను ఏదో అడిగాడు. ఈవిడకు అర్థం కాలేదు, భయంతో తల దించుకున్నారు. యజమానురాలు జవాబు చెప్పింది. ముద్ర పడింది, కారు కదిలింది. "ఆ కిటికీ దగ్గర నా పేరు నేను చెప్పుకోగలిగినా, నా బాధ ఒక్క మాటయినా అనగలిగేదాన్ని అన్నయ్యా" అని ఇప్పటికీ అంటారు. అప్పటి నుంచి మా బస్సులో ఎవరి కార్డూ నేను తీసుకోను.

నేను కూడా గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ నా పాస్‌పోర్టు నా దగ్గర లేదు. నేను పనిచేసిన చోట బోర్డర్ ట్రిప్పు ఉన్నప్పుడే చేతికిచ్చేవారు, తిరిగి రాగానే తీసుకునేవారు. దుబాయ్ వైపు నుంచి సౌదీకి సరుకు తోలేటప్పుడు ఇటు ఘువైఫాత్, అటు బతా. బళ్ళు బారులు తీరి ఉండేవి. ఒకసారి కాగితంలో 412 పెట్టెలు అని ఉంది, బండిలో 411 ఉన్నాయి. ఎక్కించినవాడి తప్పు. రెండు రోజులు ఎండలో అక్కడే ఉన్నాను. కస్టమ్స్ వాడిని తిట్టుకున్నాను అప్పుడు. తర్వాత ఆలోచిస్తే, వాడి ముందు ఉన్నవి కాగితం, సరుకు, నేను. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి తేడాగా చెబితే వాడు ఆపుతాడు. సునౌలి అయినా, బహ్రెయిన్ వెళ్ళే 25 కిలోమీటర్ల సముద్రపు వంతెన మధ్య దీవి అయినా, కాపలావాడు చూసేది అదే.

అమెరికా వాళ్ళ గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మీరంతా ఒకే బండిలో ఉంటారు, మీకు ముద్ర అక్కర్లేదు, బండి సాగిపోతుంది, వాళ్ళూ మీతోపాటు సాగిపోతారు. అలా పోకూడదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందు మన వైపు ఇమిగ్రేషన్ ఆఫీసులో దేశం విడిచినట్టు ముద్ర వేయించుకోవాలి. తర్వాత నేపాల్ ఇమిగ్రేషన్‌లో వీసా తీసుకోవాలి. 15 రోజుల వీసా 30 డాలర్లు. డాలర్లు నోట్లుగా దగ్గర ఉంచుకోమనండి. తిరిగొచ్చేటప్పుడు అటు ముద్ర, ఇటు ముద్ర మళ్ళీ. ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు ఉంటే, అమెరికా పాస్‌పోర్టుతోపాటు అదీ దగ్గర ఉండాలి. ఇమిగ్రేషన్ ఆఫీసు రోడ్డు పక్కన చిన్న గదిలా కనిపిస్తుంది, చూడకుండా దాటిపోయే ప్రమాదం ఉంది. డ్రైవర్‌కు ముందే చెప్పి అక్కడ ఆపించండి. ఒక యాత్రలో నా బస్సులో ఇలా ముద్ర లేకుండా వెళ్ళిన కుర్రాణ్ణి తిరుగు ప్రయాణంలో నేపాల్ వైపే ఆపేశారు. వాళ్ళ తాతగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి తేలింది.

బండి విషయం డ్రైవర్ చూసుకుంటాడు గానీ మీరు ఒక కన్ను వేసి ఉంచండి. ఇండియా బండి నేపాల్‌లో తిరగాలంటే భన్సార్ కట్టాలి, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు లెక్క. దానితో పాటు రూటు పర్మిట్. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్, బండి ఓనర్ వేరే అయితే ఆయన ఇచ్చిన ఉత్తరం. గోరఖ్‌పూర్‌లో బండి మాట్లాడేటప్పుడే ఇవన్నీ ఎవరు కట్టాలో తేల్చుకోండి. మీరు అనుకున్న దానికి రెండు రోజులు ఎక్కువే కట్టించండి. ముక్తినాథ్ దారిలో వాన పడితే కొండ విరిగి రోడ్డు మూసుకుపోతుంది. గడువు దాటి వస్తే జరిమానా.

డబ్బులడుగుతారా అన్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది యూనిఫాంలో ఉండరు. దళారులు. బండి ఆగగానే కిటికీ దగ్గరకు వచ్చి "సార్, భన్సార్ నేను చేయిస్తా, లైను పెద్దది" అంటారు. మొదటి ఏడాది ఒక బోర్డర్ దగ్గర అలాంటివాడికి ఆరు వేలు ఇచ్చాను. తెచ్చిచ్చిన రసీదులో అందులో సగం కూడా లేదు, తేదీలు కూడా తక్కువ వేయించాడు. అప్పటి నుంచి నేనే కౌంటర్ దగ్గర నిలబడతాను. రసీదు చేతికొచ్చాక అక్కడే చదువుతాను. యూనిఫాంలో ఉన్నవాళ్ళు ఎవరైనా అడిగితే, రసీదు ఇవ్వండి కడతాను అని మర్యాదగా ఒక్క మాట అనండి. గొంతు పెంచొద్దు, ఫోన్ తీసి వీడియో పెట్టొద్దు. జవాన్లను, చెక్‌పోస్టును ఫొటో తీయడం అసలు వద్దు. మీరు చూసిన వీడియోల్లో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

చేతి ఖర్చుకు వంద నోట్లు తీసుకెళ్ళండి. మన వంద నేపాలీ నూట అరవై, 1993 నుంచి అదే లెక్క. దుకాణాల్లో మన వంద నోటు తీసుకుంటారు. పెద్ద నోట్ల విషయంలో ఏళ్ళ తరబడి ఆంక్షలు పెడుతూ మారుస్తూ వచ్చారు, నేను ఇప్పటికీ వందలే పట్టుకెళ్తాను. అక్కడ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది, ఆఫీసులు మూసే వేళ లెక్కేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. దసరాల్లో అయితే ఇంకో మాట. వాళ్ళకు అది అన్నిటికంటే పెద్ద పండగ, దశైం అంటారు. ఢిల్లీ, పంజాబ్, ముంబై వైపు పనులు చేసుకునే నేపాలీలంతా ఆ రోజుల్లో ఇళ్ళకు వెళ్తారు. భుజాన టీవీలు, దుప్పట్లు, పిల్లలు. సునౌలి నిండిపోతుంది. తెల్లవారుజామున చేరుకునేలా బయల్దేరండి. ఆ రద్దీలో జవాన్లు కాస్త కటువుగా మాట్లాడితే, రాత్రంతా నిలబడ్డ మనిషి అని అనుకోండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. అమ్మగారి బీపీ, షుగర్ మాత్రలు షీట్లతోనే ఉంచి, డాక్టర్ చీటీ జత చేయండి. ఆవకాయ, పూతరేకులు, జంతికలు పట్టుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనరు, మూత తీసి చూపించమంటే చూపించండి. ఊరూపేరూ తెలియని వాళ్ళు "ఈ ప్యాకెట్ అవతల ఫలానా దుకాణంలో ఇచ్చెయ్యండి" అంటే మాత్రం ముట్టుకోకండి. మన యానాం సంగతి మీకు తెలియనిదా? మా నాయనమ్మ చిన్నప్పుడు యానాం ఫ్రెంచివాళ్ళది, మంగళవారం సంతకు ఇటువాళ్ళు పడవలో గౌతమి దాటి వెళ్ళి విదేశీ సరుకు కొనుక్కొచ్చేవారు. బాల్య వివాహాలను నిషేధిస్తూ శారదా చట్టం వచ్చాక పెళ్ళిళ్ళకూ అక్కడికే వెళ్ళేవారు. పక్కింటివాళ్ళు ఇచ్చిన మూట తెస్తూ రేవులో పట్టుబడి, సాయంత్రం దాకా కూర్చున్న కథ ఆవిడ చాలాసార్లు చెప్పింది. 1954లో ఫ్రెంచివాళ్ళు పోయారు. ఇప్పటికీ మద్యం సీసాల కోసం ఆ రోడ్లలో మన బండ్లను ఆపి చూస్తూనే ఉన్నారు. మోసినవాడే దొరుకుతాడు, ఇచ్చినవాడు దొరకడు.

ఇంకో రోజు గురించి చెప్పాలి. 2015 ఏప్రిల్ 25, శనివారం. మా బస్సు పోఖరాలో ఉంది, 38 మంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ముందు భూమి కదిలింది. మాలో ఎవరికీ దెబ్బ తగల్లేదు, స్వామి దయ. కానీ ఫోన్లు లేవు, కరెంటు లేదు, వెనక్కి రావడానికి రెండు రోజులు పట్టింది. రాత్రిపూట సునౌలి చేరాం. మన వైపు టెంట్లు వేసి ఉన్నారు. నీళ్ళు, బిస్కెట్లు, వేడి కిచిడీ. ఒక జవాను బల్ల ముందు కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. నా దగ్గర పేర్ల జాబితా ఉంది, ఇంగ్లీషులో టైప్ చేసింది. ఇచ్చాను, 38 మందీ ఉన్నారని చెప్పాను. ఆయన నా మాట నమ్మి టిక్కులు పెట్టేయలేదు. లేచి బస్సు తలుపు దగ్గరకు వచ్చి, టార్చి వెలుగులో ఒక్కొక్క పేరూ పిలిచాడు. ఆయన నోట మన పేర్లు వంకరటింకరగా వస్తున్నాయి. మొదట ఎవరూ పలకలేదు, తమ పేరే అని అర్థం కాక. తర్వాత వెనక సీట్లోంచి ఒక ముసలావిడ "ఆయ్" అంది. ఆయన ఆగి చూశాడు. ఆవిడ చెయ్యెత్తి మళ్ళీ "ఆయ్, నేనేనండి" అంది. టిక్కు పెట్టాడు. ఇంకో పేరు, ఇంకో "ఆయ్". పదో పేరుకల్లా ఆయనకు ఆ మాట అర్థమైపోయింది, అది వినిపించేదాకా ఆగి, వినపడగానే తల ఊపి టిక్కు పెట్టేవాడు. 38 పేర్లూ అలాగే పిలిచాడు. నిద్రపోతున్న పెద్దాయన్ని లేపించి మరీ పలికించాడు. ఆ జాబితా ఇప్పటికీ నా దగ్గర ఉంది, మీరూ ఇలాంటిది ఒకటి చేసుకోండి. పేరు, వయసు, కార్డు నంబరు, ఇంటి దగ్గర ఒకరి ఫోన్ నంబరు. నాలుగు కాపీలు తీయండి.

భూటాన్ కూడా కలుపుకుందామా అని చివర్లో అడిగారు. ఈసారికి వద్దు. జైగావ్, ఫుంట్‌షోలింగ్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి, పెద్దవాళ్ళకు మనిషికి రాత్రికి 1200 రూపాయలు కట్టాలి, దారి కూడా పూర్తిగా వేరు. అమ్మగారితో ముక్తినాథే చాలా పెద్ద ప్రయాణం. ఆ గుడి 3,700 మీటర్ల పైన ఉంది, అక్కడ ఊపిరి బరువుగా ఉంటుంది. బోర్డర్ కంటే దాని గురించే డాక్టర్‌ను ఎక్కువ అడగండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి అందరూ అన్నాలు తిన్నాక పిల్లలతో సహా కూర్చోబెట్టి ఎవరి కార్డు వాళ్ళకివ్వండి. అమ్మగారికి చిన్న గుడ్డ సంచి కుట్టించి మెడలో వేయండి, ఆధార్ అందులో. మీ మేనకోడలికి సర్టిఫికెట్, ఉత్తరం తన బ్యాగులోనే పెట్టుకోమనండి. నాలుగు ముక్కలు హిందీలో నేర్పండి. మేరా నామ్ ఇది, మేరా ఘర్ ఆంధ్రప్రదేశ్, యే మేరే మామా హై, ముక్తినాథ్ జా రహే హై. మీరు ఆ పిల్లకు మేనమామే కాబట్టి ఆ మాట అక్కడ కూడా సరిగ్గానే చెల్లుతుంది. అమ్మగారికి హిందీ అక్కర్లేదు. ఎవరైనా ఆవిడ పేరు పిలిచినప్పుడు మీరు పలక్కుండా ఉండండి, చాలు. ఆవిడే పలుకుతారు.